తాళం ఉన్నది మేడం

వాగు మెడలోతున పారుతుంటే, రేడియో పెట్టెను నెత్తిన పెట్టుకుని ఈదుకుంటూ వెళ్లి, అడవి నడుమ టవరు నిలబెట్టినవాణ్ణి నేను. ఈ మాట ఖమ్మంలో చాలా చోట్ల చెప్పాను. పెళ్లి భోజనాల దగ్గర చెప్పాను. దవాఖానాలో చీటీ రాయించుకునే వరసలో చెప్పాను. చివరికి నా రిటైర్మెంటు సభలో మైకు పట్టుకుని కూడా చెప్పాను. ఆ రోజు వెనక కుర్చీలో కూర్చున్న, ఇన్నేళ్లూ నాతో పనిచేసిన భాయ్ గట్టిగా దగ్గాడు.

ఆ దగ్గుకు మర్యాదగా ఇప్పుడే సవరించుకుంటాను. వాగు మోకాలి లోతు. పెట్టె మోసింది భాయ్. నేను మోసింది నా చెప్పుల జత. టవరు అన్నది కూడా టవరు కాదు, ఒక ఇంటి పక్కన పాతిన ఇనప గొట్టం.

ఈ పనిలోకి కొత్తగా వచ్చిన మీకు ఆ గొట్టం సంగతి చెప్పాలని చాలాకాలంగా ఉంది. మీరు ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని ఎక్కడో ఏసీ గదిలో కూర్చుని అడవిలోని రేడియోను సరిచేస్తారట. మాకు ఆ విద్య రాలేదు. ల్యాండ్‌లైన్ స్తంభాలెక్కడంతో మొదలుపెట్టి, పెద్ద టవర్ల మీదుగా, ఈ చిన్న పెట్టెల దాకా వచ్చి ఆగిపోయాం. కాలుకాలిన పిల్లిలా తిరగడమే మా ఉద్యోగం. ఇప్పుడు పని లేదు కాబట్టి ఇంట్లో తిరుగుతున్నాను.

భాయ్ వాళ్లది ఖమ్మంలో తరాలుగా తాళాలు బాగుచేసే కుటుంబం. అన్నదమ్ములంతా దుకాణంలో కూర్చుంటే ఆయనొక్కడు టవర్లెక్కే పనికి వచ్చాడు. కూర్చుంటే కాళ్లు గుంజుతాయట. జీపు నడిపేదీ ఆయనే, గొట్టమెక్కేదీ ఆయనే, నేను కోసిన కోతల్ని నా ఎదుటే విని మౌనంగా మోసేదీ ఆయనే. మా ఇద్దరి పైన ఇంజనీరు మేడం. నా కూతురి వయసు. ఖమ్మం ఆఫీసులో ఉండేది. ఫోనులో చాలా వేగంగా మాట్లాడేది, అవతలివాళ్లు ‘ఊ’ అనేలోపు రెండు ప్రశ్నలు దాటిపోయేది.

మేము పెట్టిన పెట్టె బియ్యం డబ్బా అంత ఉంటుంది. పాత టవర్ల కింద ఒక్కో పనికి ఒక్కో బీరువా ఉండేది. ఇందులో ఉన్నది చేతి వెడల్పు రేడియో ఒకటి, చిన్న కంప్యూటరు ఒకటి. ఎలా పాడాలో రేడియోకు సాఫ్ట్‌వేరు చెబుతుంది, అది పాడుతుంది. సాఫ్ట్‌వేరు మారిస్తే పాట మారుతుంది. అయితే ఎంత తెలివైన సాఫ్ట్‌వేరుకైనా పక్కన తాళం వేసేవాడొకడు కావాలి. ఆ పని గడియారానిది. గోడ గడియారం కాదు, గోరంత క్రిస్టల్. అది సెకనుకు కోట్లసార్లు ఊగుతుంది, ఆ ఊపును పట్టుకునే రేడియో శ్రుతి కలుపుకుంటుంది. కోటి ఊపుల్లో అర ఊపుకు మించి తేడా రాకూడదని రూలు. నేను ఇంట్లో కూరకు ఉప్పు వేసినా అంతకంటే ఎక్కువ తేడా వస్తుంది.

చిక్కేమిటంటే, క్రిస్టల్‌కు ఎండ పడదు. వేడెక్కితే దాని ఊపు మారుతుంది. దీనికి రెండు మందులున్నాయి. ఒకటి, క్రిస్టల్‌ను ఎప్పుడూ ఒకే వేడిలో ఉంచే చిన్న పొయ్యి లాంటి డబ్బీలో పెట్టడం. రెండోది, మామూలు క్రిస్టల్‌నే పెట్టి, ఆకాశంలో తిరిగే ఉపగ్రహాలు చెప్పే టైముతో దాన్ని క్షణక్షణం దిద్దుతూ ఉండడం. మేడం మొదటిది అడిగింది. ఆఫీసు రెండోది కొన్నది.

ఆ దిద్దుబాటు కోసం గొట్టం కొన మీద పుట్టగొడుగంత తెల్లటి బుడిపె ఒకటి బిగించాం. అది ఉపగ్రహాల మాట వింటుంది. విన్నంతసేపు పెట్టెలో ఆకుపచ్చ దీపం వెలుగుతుంది. దాన్ని మేడం ‘లాక్’ అనేది. భాయ్, నేను ‘తాళం’ అనేవాళ్లం. నేనేమో భజనలో వేసే తాళం అనుకుని అనేవాణ్ణి. ఆయన వాళ్ల దుకాణంలోని తాళం అనుకుని అనేవాడు. ఇద్దరికీ పని జరిగిపోయేది కాబట్టి ఎవరం అడగలేదు.

ఇక ఆ గొట్టం పాతిన గూడెం. టేకులపల్లి దాటి అడవిలోకి పోతే వాగు, వాగు దాటితే కోయగూడెం. అక్కడ రేషన్ దుకాణం కొత్తగా ఒక ఆడమనిషికి ఇచ్చారు. గూడెమంతా ఆమెను రేషనక్క అనేది. అంతకుముందు బియ్యానికి అందరూ వాగు అవతలి ఊరికి పోయేవాళ్లు. బియ్యం తేవడం పెద్ద కష్టం కాదు, వేలిముద్రే కష్టం. వేలిముద్ర మిషన్‌కు సిగ్నల్ కావాలి, గూడెంలో సిగ్నల్ లేదు. మనిషి వెళ్లి వేలు పెట్టాల్సిందే. రేషనక్క అత్తకు కాళ్లు పడిపోయాయి. రేషనక్క మామ, మేము పెద్దయ్య అని పిలిచేవాళ్లం, ఆయనా కొడుకూ కలిసి ఆమెను మంచం మీద పడుకోబెట్టి చెరొక పక్క పట్టుకుని వాగు దాటించి, వేలు పెట్టించి, మళ్లీ మోసుకొచ్చేవాళ్లు. వానాకాలంలో వాగు నిండితే ఆ నెల వేలూ లేదు, బియ్యమూ లేదు.

ఆ ఇంటి పక్కనే మా గొట్టం పాతాం. దుకాణం ఇక్కడ పెట్టుకోవచ్చు, కానీ అధికారి వచ్చి మిషన్ పెట్టి చూస్తాడు, వేలు ఇక్కడ పడితే ఇక్కడే ఉంటుంది, పడకపోతే వానలకు ముందే మళ్లీ వాగు అవతలికి పోతుంది. పైవాళ్లు పెట్టిన షరతు అది.

రేషనక్క నన్ను అడిగింది, నమ్మొచ్చా సారూ అని. నమ్మొచ్చు అంటే సరిపోయేది. ఆ ఒక్క మాటతో ఆగడం నాకు చేతనైతే ఇంతదూరం రాసేవాణ్ణి కాదు.

“బిడ్డా, ఇసుంటిది రాష్ట్రంలనే లేదు,” అన్నాను. “బయటి దేశాలోళ్లు వచ్చి చూసిపోతరు. ఆకాశంల చుక్కలే దీనికి టైం చెప్తయి. దీన్ని తయారు చేసేటప్పుడు నన్ను సుత సలహా అడిగిన్రు.”

భాయ్ తాడు చుడుతూ ఆకాశంలోకి చూశాడు.

అరుగు మీద కూర్చున్న పెద్దయ్య అడిగాడు, “గంత గొప్పదా?”

“గంత గొప్పదే పెద్దయ్యా.”

ఆయన గొట్టం వైపు చాలాసేపు చూశాడు. కోడలితో కోయమాటల్లో ఏదో అన్నాడు. ఆమె నవ్వింది కానీ మాకు చెప్పలేదు. నా గొప్ప గురించే అయ్యుంటుందని నేనూ నవ్వాను.

కొన్నాళ్లు బాగానే నడిచింది. తర్వాత రేషనక్క ఫోన్లు మొదలయ్యాయి. గూడెం ఆడవాళ్లు కొందరు పర్ణశాలకు పోయి వచ్చారట. వచ్చినప్పటి నుంచి వాళ్ల ఫోన్లకు సిగ్నల్ లేదట. ఇంట్లో ఉన్నవాళ్ల ఫోన్లు శుభ్రంగా పలుకుతున్నాయట. రాముణ్ణి చూసొచ్చిన ఫోన్లకు ఇంక వేరే ఎవరూ కనబడతలేరని గూడెంలో నవ్వుకుంటున్నారు సారూ అంది. నేనూ నవ్వాను. ఆ తర్వాత కొత్తగూడెం పోయొచ్చిన వాళ్లకూ అదే అయింది. అప్పుడు ఇంకో మాట పుట్టింది: సారు టవరుకు పౌరుషమెక్కువ, ఊరు దాటినోళ్లను మళ్లీ రానిస్తలేదు.

మేడం తన తెర మీద చూసింది, అంతా పచ్చగానే ఉందంది. ఆ తెర గడియారం ఆడుతోందా అని మాత్రమే అడుగుతుంది, సరిగ్గా ఆడుతోందా అని అడగదు. ఆ తేడా మాకు తర్వాత తెలిసింది. అయినా మేడం జాగ్రత్త మనిషి. తనే రేషనక్కకు ఫోన్ చేసి, పెట్టెకు లాక్ ఉందా అని అడిగింది.

“అవ్, తాళం ఉన్నది మేడం.”

“పక్కానా?”

“పక్కా మేడం. గట్టిగ ఉన్నది.”

మేడం నిశ్చింతగా ఫోన్ పెట్టేసి నాతో, “లాక్ ఉందటండీ, గడియారం కాదు, ఇంకేదో చూడండి,” అంది. తర్వాత కూడా రెండు మూడుసార్లు అడిగింది. ప్రతిసారీ తాళం ఉన్నది మేడం.

ఇంకేదో చూడడానికి నేను ఒకసారి వెళ్లాను కూడా. పెట్టె బిగించిన రోజే పరీక్ష కోసం మేము ఒక ఫోన్ ఆ ఇంట్లో వదిలిపెట్టాం. దాన్ని తీసి చూస్తే సిగ్నల్ నిండుగా ఉంది. నా ఫోన్‌కు లేదు, నా సిమ్ము వేరే కంపెనీది కాబట్టి అది ఎటూ ఉండదు. తప్పు సిమ్ములదే అని తీర్పిచ్చేశాను. పాపం కొందరు కొత్తగూడెం పోయి సిమ్ములు మార్చుకుని వచ్చారు. వాళ్ల ఫోన్లూ మూగపోయాయి. రేషనక్క భర్త ఫోన్ కూడా వాటిలో ఒకటి. రేషనక్క మాత్రం ఊరు దాటకుండా కూర్చుంది, తన ఫోనైనా బతకాలని.

అధికారి వస్తాడన్న రోజు రానే వచ్చింది.  భాయ్ నేరుగా పోకుండా జూలూరుపాడు మీదుగా తిప్పాడు, అక్కడి టీ మంచిదని. ఆయన సాసర్లో పోసుకుని చల్లార్చుకుంటుంటే నేను జీపు చుట్టూ తిరిగాను. “అన్నా, నువ్వు తిరిగితే బండి నడవదు, నేను తాగితే నడుస్తది,” అన్నాడు.

మేం చేరేసరికి పడమట మబ్బు పడుతోంది. బియ్యం బండి వాగు అవతలే ఆగింది. బస్తాలు ఒక్కొక్కటిగా నెత్తిన పెట్టుకుని దాటిస్తున్నారు. గూడెమంతా కార్డులు పట్టుకుని రేకుల పందిరి కింద కూర్చుంది. రేషనక్క అత్తను మంచంతో సహా ఇంట్లోంచి వాకిట్లోకి తెచ్చారు. వాగు దాకా కాదు, వాకిట్లోకే. ఆ మాట ఆమె వచ్చిన వాళ్లందరికీ చెప్పుకుంటోంది.

అధికారి నెమ్మదైన మనిషి. మిషన్‌ను ఆయనే తెచ్చాడు. ఏదో కొత్త ప్రోగ్రాం ఎక్కించాలని కొన్నాళ్లుగా అది మండల ఆఫీసులో ఉంది. బస్తా మీద పెట్టి ఆన్ చేశాడు. సిగ్నల్ లేదు. చేతిలోకి తీసుకుని పైకెత్తాడు. లేదు. పందిరి బయటకు నడిచాడు. లేదు. దాని పక్కనే అదే బస్తా మీద రేషనక్క ఫోన్, సిగ్నల్ గీతలన్నీ నిండుగా.

రేషనక్క తన ఫోన్ ఎత్తి చూపించింది. ఆయన చూసి తలాడించాడు. “ఫోన్‌కు వస్తే నాకేం లాభమమ్మా. వేలు పెట్టేది మిషన్ మీద గద. బస్తాలు దిగేదాంక చూస్త. అప్పటికీ రాకుంటే లేదని రాసుకుని పోత. బస్తాలు వెనక్కి దాటించుర్రి.”

బస్తాలు సగం దిగిపోయాయి. నేను ఆ తర్వాత చేసినవన్నీ చెబితే నవ్వుతారు. భాయ్‌ను నిచ్చెన ఎక్కించి పెద్ద యాంటెన్నాను అటు తిప్పించాను, ఇటు తిప్పించాను. కేబుల్ మార్పించాను. నేను కింద పరిగెత్తాను, పందిరి దగ్గరికి, గొట్టం దగ్గరికి, మళ్లీ పందిరి దగ్గరికి. అధికారి ప్రతిసారీ మిషన్ చూసి తల అడ్డంగా ఊపడం, పైనుంచి భాయ్ “ఇప్పుడు?” అనడం, నేను “ఇంకొంచెం” అనడం. వాగు వైపు చూస్తే బస్తాలు తరిగిపోతున్నాయి.

రేషనక్క నా వెనకే నడిచి వచ్చింది. గొంతు పెంచలేదు.

“సారూ, నాకు తెల్వక అడుగుత. ఈడ ఉన్నయిటికి ఉన్నది, బయటికి పోయొచ్చినయిటికి లేదు. మిషన్ సుత బయటికి పోయొచ్చిందే గద.”

ఈ మాట ఆమె నాకు ఫోనులో ఇదివరకు చాలాసార్లు చెప్పింది. నేను ప్రతిసారీ నవ్వాను. ఆ రోజు నవ్వడానికి ఊపిరి లేక ఆగిపోయాను. ఆగితే వినబడింది.

కోలాటం తెలుసు కదా మీకు. తాళం వేసేవాడు మెల్లమెల్లగా లయ తప్పితే లోపల ఆడేవాళ్లకు తెలియదు. వాళ్లూ అతనితోపాటే మెల్లమెల్లగా తప్పుతారు, కోలలు తగులుతూనే ఉంటాయి. ఇంకో ఊళ్లో సరైన లయకు ఆడి వచ్చినవాడు మధ్యలో దూరబోతే వాడికి సందు దొరకదు. గూడెంలో ఉండిపోయిన ఫోన్లు మా రేడియోతోపాటే జారుతూ వచ్చాయి. పర్ణశాల దాకా, కొత్తగూడెం దాకా పోయిన ఫోన్లు అక్కడి పెద్ద టవర్ల సరైన శ్రుతి పట్టుకుని వచ్చి, ఇక్కడ మా శ్రుతి ఎక్కడుందో వెతుక్కోలేకపోయాయి. మిషన్ మండల ఆఫీసు నుంచి వచ్చింది. పరీక్ష ఫోన్ ఇంటి గడప దాటలేదు. తప్పు గడియారానిదే.

కానీ గడియారానికి లాక్ ఉందన్నారే.

“బిడ్డా, పెట్టె తెరువు,” అన్నాను.

ఆమె కొంగు ముడి విప్పి తాళంచెవి తీసింది. గొట్టం మొదట్లో బిగించిన పెట్టె తలుపుకు అరచేయంత తాళం వేలాడుతోంది. దాన్ని తీస్తూ కాస్త గర్వంగానే అంది: “మేడం అడిగినప్పుడల్లా చెప్తనే ఉన్న, తాళం ఉన్నదని. పిల్లలు ముట్టకుంట నేనే కొనుక్కొచ్చి వేసిన. ఒక్కనాడు సుత తియ్యలే.”

నిచ్చెన మీంచి భాయ్ కిందికి చూశాడు. నేను పైకి చూశాను. తాళాలు చేసే ఇంట్లో పుట్టినవాడు ఆయన. లాక్‌ను తాళం చేసి ఆ ఇంట్లో ఆ మాట నాటిపెట్టింది మేమిద్దరమే.

తలుపు తెరిస్తే ఆకుపచ్చ దీపం లేదు. దాని చోట ఎర్రది వెలుగుతోంది. ఎన్నాళ్లుగా వెలుగుతోందో ఆ తాళానికే తెలియాలి. ఇనప పెట్టె లోపల రొట్టె కాల్చుకునేంత వేడి ఉంది. ఆ వేడిలో, దిద్దేవాడు లేక, క్రిస్టల్ తన ఇష్టం వచ్చినట్టు ఊగుతోంది.

రేషనక్క ఫోన్ నుంచే మేడంకు చేశాను. తాళం సంగతి చెబితే ఎన్నడూ లేనిది ఆమె ఒకే ఒక్క ప్రశ్న అడిగింది, అదీ నెమ్మదిగా. 

“పైన బుడిపె మీద ఏముందండీ?”

“ఆకాశం ఉంది మేడం. ఇక్కడ అదొక్కటే కరువు లేదు.”

“ఒకసారి వెనక్కి జరిగి, తలెత్తి చూసి చెప్పండి.”

ఆమె తృప్తి కోసం నాలుగడుగులు వెనక్కి జరిగి తలెత్తాను. గొట్టం కొన మీద, బుడిపె ఉండాల్సిన చోట, మసిపట్టిన సిల్వర్ గిన్నె ఒకటి బోర్లించి ఉంది. దాని మీద సున్నంతో రెండు కళ్లు, కోరమీసం, పళ్లు. నావైపే చూసి నవ్వుతోంది.

అది పొద్దుటినుంచీ అక్కడే ఉంది. ఆ ముందు వచ్చినప్పుడూ ఉంది. నేను చూశాను. భాయ్ తల నిచ్చెన మీద రెండుసార్లు దానికి కొట్టుకుంది కూడా, ఆయన పక్కకు వంగి పని చేసుకున్నాడు. పరాయివాళ్ల దిష్టి ముట్టుకోకూడదని ఊరుకున్నాడట. ఖమ్మంలో మా ఇంటి గేటుకు మీసాల గుమ్మడికాయ వేలాడుతుంది. మా ఆఫీసు జీపు ముందు నిమ్మకాయ, మిరపకాయలు మేడమే కట్టించింది. ఇంటికొకటి ఉండేదాన్ని ఎవడు పట్టించుకుంటాడు? చూపు తిప్పేయడమే దిష్టిబొమ్మ పని. అది నా చూపును కూడా తిప్పేసింది.

“పెద్దయ్యా, అది ఎవరు పెట్టిన్రు?”

“నేనే.” అరుగు మీద నుంచి లేచాడు. “మట్టికుండ పెడదామనుకున్న. దొరకలే. అడుగు చిల్లిపడ్డ గిన్నె ఉంటే కొడుకుతోని పెట్టిచ్చిన.”

మట్టికుండైతే ఉపగ్రహాల మాట కొంతైనా లోపలికి దూరేది. లోహం మీద ఆ మాట చస్తుంది. ఆ చిల్లిలోంచి ఎప్పుడైనా ఒక చుక్క తొంగిచూసిందేమో తెలియదు. గిన్నె తీసేయాలి పెద్దయ్యా అన్నాను.

ఆయన ఒప్పుకోలేదు. కోప్పడలేదు, నాకు తెలియని విషయం నాకు నేర్పుతున్నట్టు చెప్పాడు. “గూడెమంత ఈడనే ఉన్నది. బయటి సారు ఉన్నడు. ఇంతమంది కండ్ల ముంగట దిష్టిబొమ్మ తీస్తరా? తీసినంక అది కూలితే? నువ్వే చెప్పినవ్ గద సారూ, ఇసుంటిది రాష్ట్రంలనే లేదని. బయటి దేశాలోళ్లు చూసిపోతరని. గంత గొప్పదానికి దిష్టి తగలదా?”

ఆ రోజు కోడలితో కోయమాటల్లో అన్నది అదేనని అప్పుడు అర్థమైంది. ఇంత పొగుడుతున్నడు, దీనికి ముందు దిష్టి కట్టాలె అని. గొట్టం మీద గిన్నె బోర్లించింది ఆయన. బోర్లించేలా చేసింది నా నోరు.

వాగు వైపు చూశాను. రెండే బస్తాలు మిగిలాయి. మంచం మీద ముసలామె అధికారి ముఖం వైపు, మిషన్ వైపు మార్చి మార్చి చూస్తోంది. నాకు ఒక్క దారే కనిపించింది. ఆ గొట్టం దిష్టి తగిలేంతటిది కాదని పెద్దయ్యకు తెలియాలి. అది గూడెం ముందే చెప్పాలి, అధికారి ముందే చెప్పాలి.

మొదలుపెట్టాను. ఇట్లాంటివి ఇంకా చాలా చోట్ల ఉన్నాయి పెద్దయ్యా, ఇంతకంటే మంచివి ఉన్నాయి అన్నాను. ఇందులో పెట్టింది చవక క్రిస్టల్, మంచిది అడిగితే ఇవ్వలేదు అన్నాను. బయటి దేశాలవాళ్లెవరూ రారు, మా ఆఫీసు నుంచే రావడానికి బద్ధకిస్తారు. దీన్ని చేసేటప్పుడు నన్ను ఎవరూ ఏమీ అడగలేదు, దాని ఫోటో కూడా నేను పెట్టె విప్పాకే చూశాను.

“ఇగ వాగు?” అన్నాడు భాయ్ నిచ్చెన మీంచి. వదలడు.

“వాగు మోకాళ్లలోతు. పెట్టె మోసింది ఈయన.”

పందిరి కింద ఎవరో కిసుక్కుమన్నారు. అధికారి అద్దాలు తీసి నావైపు చూశాడు. “అయితే ఇది నమ్మేదా, కాదా? ఏమని రాసుకోవాలె?”

ఇందుకే భయపడ్డాను. గొప్పది అంటే గిన్నె దిగదు, పనికిరానిది అంటే దుకాణం దాటిపోతుంది. రేషనక్క కళ్లు నా మీదే ఉన్నాయి. అంతకుముందు ఆ కళ్లకు నేను చెప్పిన జవాబు గుర్తొచ్చి, ఈసారి కొలిచి చెప్పాను.

“గొప్పది కాదు సార్. ఆకాశం కనబడితే పనిచేస్తది. కనబడకుంటే చెయ్యది. గంతే.”

పెద్దయ్య నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. గొట్టాన్ని కూడా అలాగే చూశాడు. రెండింటి ఎత్తూ ఆయన కళ్లముందు తగ్గిపోతున్నట్టు నాకు తెలుస్తూనే ఉంది.

“గంతేనా,” అన్నాడు. “గింతదానికి దిష్టెందుకు? తియ్యుర్రి.”

భాయ్ గిన్నె తీశాడు. కింద తెల్ల బుడిపె కొత్తదానిలా మెరిసింది. ఉపగ్రహాలు పిలవగానే పలికే రకం కాదు. ఒక్కొక్కటీ వినబడాలి, సరిపోల్చుకోవాలి, అప్పుడు క్రిస్టల్‌ను లాక్కురావాలి. నేను పెట్టె ముందు గొంతుక్కూర్చోలేక లేచి, లేవలేక కూర్చుని, ఎర్ర దీపాన్ని చూస్తూ ఉన్నాను. మబ్బు నెత్తిమీదికి వచ్చింది. మబ్బు అడ్డం కాదని మేడం ఫోనులో చెబుతూనే ఉంది, నాకూ తెలుసు, అయినా మబ్బును తిట్టాను. ఆఖరి బస్తా పందిరి కింద దభీమని పడింది. అధికారి జేబులోంచి పెన్ను తీశాడు.

దీపం పచ్చబడింది.

మేడం అక్కడినుంచి రేడియోను ఆపి మళ్లీ మొదలుపెట్టింది. ఆ క్షణాన రేషనక్క ఫోన్ మీద ఇన్నాళ్లూ నిండుగా ఉన్న గీతలన్నీ ఒక్కసారిగా పోయాయి. పరీక్ష ఫోన్‌వీ పోయాయి. పందిరి కిందున్న ఫోన్లన్నీ మూగపోయాయి. మేడం మాట కూడా మధ్యలో తెగిపోయింది. ఉన్నది కూడా పోగొట్టినవా సారూ అన్నట్టు రేషనక్క నావైపు చూసింది. తప్పిన తాళానికి అలవాటుపడిన ఫోన్లవి, సరైన తాళం వాటికి కొత్త. 

అప్పుడు అధికారి, పెన్ను మూత తీసి, ఆఖరిసారి అన్నట్టు మిషన్ వైపు చూశాడు. చూసి, పెన్నుకు మూత పెట్టాడు.

మంచం దగ్గరికి మిషన్ తీసుకెళ్లారు. ముసలామె వేలు గట్టిగా అదిమింది. పడలేదు. జీవితమంతా ఆకు కోసి, మట్టి పిసికిన వేలు, గీతలు అరిగిపోయాయి. రేషనక్క తన కొంగుతో తుడిచి ఇంకో వేలు పెట్టించింది. మిషన్ కొంచెంసేపు ఆలోచించి, చిన్న కాగితం ముక్క బయటికి తోసింది. ముసలామె దాన్ని చేతిలో పట్టుకుని, మొగుడితో కోయమాటల్లో ఏదో అంది. ఈసారి రేషనక్క మాకు చెప్పింది: ఇంక నన్ను మొయ్యవలసిన పని లేదు, నీ నడుము దక్కింది అంటున్నది.

తర్వాత గూడెం ఫోన్లు కూడా ఒక్కొక్కటిగా వెతుక్కుని వెతుక్కుని వచ్చి చేరాయి. పర్ణశాల పోయొచ్చిన ఫోన్లే ముందు చేరాయట. దానికి కూడా గూడెంలో ఏదో కథ పుట్టే ఉంటుంది.

సామాన్లు సర్దుకుంటుంటే పెద్దయ్య గిన్నె పట్టుకుని వచ్చాడు. “ఇప్పుడిది మంచిగ నడుస్తదా?” అని అడిగాడు.

నాలుక చివర ఒక మాట తయారుగా ఉంది. దేశంలోనే లేదు పెద్దయ్యా, అని. భాయ్ జీపు దగ్గర నిలబడి, దగ్గడానికి గొంతు సవరించుకుంటున్నాడు.

“ఏదో పెద్దయ్యా,” అన్నాను. “నడిస్తే నడుస్తది.”

ఆయన తృప్తిగా తలాడించి, గిన్నెను పందిరి గుంజకు కట్టడం మొదలుపెట్టాడు. గొట్టానికి చాలా దూరంగా, కిందుగా, మేము వచ్చే బాటకు ఎదురుగా. మళ్లీ టవరుకేనా అని అడిగాను.

“టవరుకు కాదు,” అన్నాడు ముడి బిగిస్తూ. “నీ నోటికి.”